మంచం మీది వాచీ

జూన్ 3, సోమవారం

ఆయన ఇంటికొచ్చారు.

స్ట్రెచర్ని మూడంతస్తులూ ఎక్కించేసరికి అంబులెన్సు వాళ్ళిద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. మెట్ల మలుపు దగ్గర ఒక్కసారి ఒరిగితే నేను స్ట్రెచరు అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన మాత్రం పడుకునే, "జాగ్రత్త బాబూ, సీలు ఊడితే మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగాలి" అన్నారు. ఉద్యోగమంతా కరెంటు మీటర్లు చదువుతూ గడిపిన మనిషి. ఈ ఊళ్ళో ఆయన ఎక్కని మెట్లు లేవు. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు మొహానికి అంటుకుని చాలాసేపు ఊడలేదు.

డాక్టరు ఆస్పత్రి వరండాలోనే చెప్పాడు, నాతోనూ వదినతోనూ. వెన్నులో గడ్డ తీయడానికి వీల్లేని చోట ఉందట. కాళ్ళు ఇక రావట. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. అది ఇక్కడ రాయను. వదిన అక్కడే గోడకి జారబడిపోయింది. తన చేతుల మీద పెరిగిన తమ్ముడు మరి.

"వాడికి చెప్పొద్దే" అంది. చెప్పనన్నాను. నెమ్మదిగా తగ్గుతుందని, వానలు వెళ్ళేసరికి లేచి నడుస్తారని చెప్పాం.

"డాక్టరే అన్నాడా ఆ మాట?" అని అడిగారు.

"డాక్టరే అన్నాడు" అన్నాను.

డాక్టర్లు సవాలక్ష అంటారు.

జూన్ 5

షాపుకి వెళ్ళొచ్చాను. పగలు వదిన వచ్చి ఆయన దగ్గర కూర్చుంటుంది. నేను సెలవు పెడితే ఆయనకి అనుమానం వస్తుంది. కాబట్టి ఎప్పటిలా వెళ్ళాలి, ఎప్పటిలా కళ్ళజోళ్ళకి అద్దాలు అరగదీసి బిగించాలి, ఎప్పటిలా సాయంత్రానికి ఇల్లు చేరాలి. అన్నీ ఎప్పటిలా ఉంటే ఏమీ కానట్టే కదా.

వచ్చాక కాసేపు కిటికీ పక్క నా బల్ల ముందు కూర్చున్నాను. తుక్కు కొట్లో ఏరుకొచ్చిన పాత వాచీలు అలాగే పడి ఉన్నాయి. ఒకదానికి అద్దం లేదు, ఒకదానికి ముళ్ళు లేవు, ఒకదానికి లోపల ఏమీ లేదు. నలుగురు ఆడవాళ్ళు చీరలు కొనుక్కుంటారు, నేను ఇవి కొనుక్కుంటాను. "ఇంట్లో ఇన్ని వాచీలున్నాయి, ఒక్కదానికీ ఇంకోదానికీ మాట కలవదు" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటారు.

మంచం మీంచి పిలిచారు.

"డాక్టరమ్మా! నా వాచీ బతుకుతుందేమో చూడవా?"

వాళ్ళ ఆఫీసులో ఆయనకి పని నేర్పిన పెద్దాయన రిటైరవుతూ చేతికి కట్టి వెళ్ళిన వాచీ అది. ఓ వానాకాలం, మునిగిపోయిన సెల్లారులో మీటరు చూడబోయి చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టారు. అప్పట్లోనే విప్పుతానంటే, "తొందరేముంది, ఎక్కడికి పోతుంది" అన్నారు. అప్పటినుంచీ రేకుడబ్బాలోనే ఉంది.

"ఇప్పుడెందుకండీ?"

"పగలంతా ఏం చెయ్యను? నువ్వొచ్చే టైము చూసుకుంటాను."

"ఫోనులో చూసుకోవచ్చుగా."

"ఫోను పలకరించదే. ఇదైతే చెవి దగ్గర పెట్టుకుంటే ఏదో ఒకటి అంటూ ఉంటుంది."

జూన్ 8, శనివారం

మూత ఊడదీయడానికే సాయంత్రమంతా పట్టింది. లోపల తుప్పు ఎర్రగా, పొడిపొడిగా. కీ ఇచ్చే గుండీ కాడ బిగుసుకుపోయింది. నూనె చుక్క వేసి వదిలేశాను. బలవంతం చేస్తే విరుగుతుంది. ఆగితే అదే వదులుతుంది. ఎన్ని చూడలేదు నేను.

వదిన వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయింది. పొయ్యి మీద పాలు ఉన్నాయని లోపలికొచ్చేశాను. పాలు లేవు.

జూన్ 9

గుండీ వదిలింది! చెప్పానుగా.

జూన్ 12

అన్ని భాగాలూ విప్పి పెట్రోలులో కడిగాను. రెండు చక్రాలు పనికొస్తాయి, ఒకటి రాదు. వెంట్రుక లాంటి ఆ సన్న స్ప్రింగు మెలిపడిపోయింది. అదే జాతి వాచీ ఇంకొకటి ముళ్ళు లేకుండా నా దగ్గరే ఉంది, దాన్లోంచి తీసి వేశాను. డయలు మీద నీళ్ళ మరక ఉంది, అరచందమామలా. తుడవబోతుంటే ఆయన గోల. "ఆ మరక నా సర్వీసు రికార్డు. దాని జోలికి పోకు."

ఇవాళ ఎడమకాలి బొటనవేలు కదిలింది. నేను చూశాను. వదినని పిలిచి చూపిస్తే తను కదల్లేదంది. వదిన కళ్ళకి శుక్లాలు, షాపుకి తీసుకెళ్ళి చూపించాలి.

జూన్ 16, ఆదివారం

ఆడింది.

కీ ఇచ్చి బాలెన్స్ చక్రాన్ని ఊది వదిలాను. ఒక్కసారి తల తిప్పి చూసినట్టు తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. ఇక ఆగలేదు. ఆయన చెవి దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నారు. "బాగుంది. నాకన్నా నయం" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మాటలెందుకు?

ఇక టైము సరిచెయ్యాలి. మేకుకి బెల్టుతో వేలాడదీశాను. వదిన చూసి, "అదేమిటే, పాపం ఉరి తీసినట్టు" అంది. చెప్పాను. పాత వాచీ నిలబడితే ఒకలా, పడుకుంటే ఒకలా నడుస్తుంది వదినా. నిలబెట్టి సరిచేస్తే పడుకున్నప్పుడు తేడా కొడుతుంది, పడుకోబెట్టి సరిచేస్తే నిలబడ్డప్పుడు తేడా. అందుకే కట్టుకునే మనిషి ఎలా ఉంటాడో చూసి దానికి తగ్గట్టు సరిచెయ్యాలి. నడిచే మనిషి చెయ్యి కిందికి వేలాడుతూ ఉంటుంది కదా, అందుకని వేలాడదీశాను.

వదిన నా మొహంలోకి చూసింది. ఆయన మంచం మీంచి, "మా ఆవిడ పాఠం మొదలెట్టిందా? నాకు కంఠతా వచ్చక్కా, నన్నడుగు" అన్నారు.

జూన్ 18

ఆయన చేతికి కట్టాను. చెయ్యి సన్నబడింది, బెల్టుకి కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు, పెళ్ళికొడుకులా. పొద్దున్నే కీ తనే ఇచ్చుకుంటారట, దాన్ని నన్ను ముట్టుకోవద్దన్నారు.

చాలా రోజులకి ఇవాళ ఇల్లు ఇల్లులా ఉంది.

జూన్ 21

నేను ఎప్పటి టైముకే వచ్చాను. తలుపు తియ్యగానే వదిన, "హమ్మయ్య, వచ్చావా! పావుగంట నుంచి వీడు నన్ను కూర్చోనివ్వడం లేదు. షాపుకి ఫోను చెయ్యి, ఏ బస్సు కింద పడిందో అంటాడు" అంది.

వాచీ ముందుకెళ్ళింది. ఫోను చూపించి, ముల్లు వెనక్కి తిప్పబోతే చెయ్యి లాగేసుకున్నారు.

"రీడింగు మార్చకూడదు. మీటరు తప్పయితే మీటరు బాగుచెయ్యి. ముల్లు తిప్పడం దొంగ పని."

"ఇది మీటరు కాదండీ."

"నాకన్నీ మీటర్లే."

రోజంతా ఫోను దిండు పక్కనే ఉంటోంది. దాని అయస్కాంతం వాచీకి పట్టి ఉంటుంది, అందుకే పరిగెడుతోంది. అంతే.

జూన్ 23, ఆదివారం

అయస్కాంతం తీసేశాను. వేలాడదీసి చూశాను. సెకను తేడా లేదు. నేను చెప్పలేదూ?

జూన్ 26

మళ్ళీ ఫాస్టు.

జూన్ 30

నూనె మార్చాను. చిక్కటిది వేశాను.

జులై 3

మళ్ళీ.

జులై 6, శనివారం

మధ్యాహ్నం వాచీల విడిభాగాల షాపుకి వెళ్ళాను. ఆ షాపాయనకీ నాకూ ఎప్పుడూ పడదు. నేనేం అడిగినా లేదంటాడు, పోబోతే సొరుగులోంచి తీస్తాడు. స్ప్రింగు కావాలన్నాను. వాచీ చూడాలన్నాడు. వాచీ చప్పుడు కొలిచే తన మిషను మీద నిలబెట్టి విన్నాడు, పక్కకి తిప్పి విన్నాడు.

"బంగారంలా నడుస్తోంది. ఎవరు చేశారు?"

"నేనే."

"అయితే స్ప్రింగెందుకు?"

"చేతికి కడితే ఫాస్టు పోతోంది."

"ఏ చేతికమ్మా? ఏం పని చేస్తారాయన?"

"మీటర్లు చదువుతారు. పొద్దుటినుంచీ మెట్లెక్కడం, దిగడం. కాలు ఒకచోట నిలవదు."

షాపాయన వాచీని మిషను మీద పడుకోబెట్టాడు. కాసేపు విన్నాడు. తర్వాత కంటి భూతద్దం తీసేసి నన్ను చూశాడు.

"అమ్మా, ఆయన మంచం మీద ఉన్నారా?"

వాచీ లాక్కుని వచ్చేశాను. లాక్కోవడమే, అందుకోవడం కాదు. పెద్ద తెలిసినట్టు! నాకు తెలియక కాదు. ఈ పని అతనొక్కడికేనా తెలుసు? పడుకోబెట్టి సరిచెయ్యడం ఎంతసేపు, లోపల వేగం సరిచేసే ఆ చిన్న పుల్ల వెంట్రుకవాసి జరిపితే చాలు. కానీ ఆయన లేచి తిరగడం మొదలెట్టాక మళ్ళీ స్లో అయిపోతుంది, అప్పుడు మళ్ళీ విప్పాలి. ఒకే పని రెండుసార్లు ఎందుకు చెయ్యాలి?

దారిలో ఆయన బూట్ల అడుగున కొత్త అట్టలు వేయించాను. పాతవి బాగా అరిగిపోయాయి, వానల్లో జారతాయి. ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాను.

"ఎవరికే అవి?" అంది వదిన. నేను చెప్పేలోపే వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. చాలాసేపు తిప్పింది.

జులై 14

రోజుకి అయిదు నిమిషాలు ముందుకి. ముళ్ళు తిప్పనివ్వరు. పంతం.

జులై 15

బొటనవేలు కదిలింది. ఇవాళ వదినకి చూపించలేదు.

జులై 28, ఆదివారం

అన్నం రెండు ముద్దలు తిన్నారు. బాలెన్స్ చక్రం బరువు ఒక పక్కకి మొగ్గుతోందేమోనని విప్పి చూశాను. ఏమీ లేదు. ఎందులోనూ ఏమీ లేదు. అంతా బాగుంది. అన్నీ బాగుంటే ఎందుకిలా?

ఆగస్టు 2

మందు మార్చారు. నొప్పి తగ్గింది కానీ మాట ముద్దగా వస్తోంది.

సాయంత్రం ఒళ్ళు తుడుస్తుంటే హఠాత్తుగా అడిగారు.

"రీడింగెంత?"

"ఏం రీడింగండీ?"

"నాది."

"తగ్గుతోందన్నారు కదా. నెమ్మదిగా..."

కాసేపు నన్నే చూశారు. కోపం లేదు. కోపమైనా బాగుండేది.

"కొందరి ఇళ్ళకి వెళ్తే ఆడవాళ్ళు మీటరుకి అడ్డంగా నిలబడేవాళ్ళు. మా ఇంట్లో పెద్దగా కాలట్లేదండీ, చూడక్కర్లేదు అని. వెనకాల చక్రం గిర్రున తిరుగుతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది. అలా నిలబడకు నువ్వు."

నేను బకెట్టు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆగస్టు 9, శుక్రవారం

రాయాలి.

ఎప్పటి టైముకే బయల్దేరాను. ఎప్పటి బస్సే. తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఆయన నేల మీద. సగం ఒళ్ళు నేల మీద, సగం మంచం కోడుకి ఆనుకుని. వదిన పక్కన కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది, లేపడం ఆవిడ వల్ల కాలేదు. కింది వాటావాళ్ళు వస్తే అందరం కలిసి ఎత్తి పడుకోబెట్టాం.

వాచీ ప్రకారం చీకటి పడే వేళయిపోయింది, నేను రాలేదు. ఈమధ్య మందు మత్తులో ఫోను చూసుకోవడం కూడా మానేశారు, వాచీనే నమ్ముతున్నారు. వదిన టైము కాలేదురా అని చెప్తే, "నాకు అబద్ధాలు చెప్తున్నారు, దానికేదో అయింది" అన్నారట. కిటికీ దాకా వెళ్ళి చూస్తానని లేవబోయారట. లేవబోయారు. లేస్తారని మేమే చెప్పాంగా.

మోచెయ్యి గీరుకుపోయింది. మందు రాస్తుంటే నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "నీ తప్పేముంది, నువ్వు టైముకే వచ్చావు. వాచీదే తప్పు" అన్నారు.

వాచీకి ఏ తప్పూ లేదు. దేవుడి తోడు, దాని తప్పు కాదు.

ఆగస్టు 10

ఇప్పుడు రాస్తాను. డాక్టరు వరండాలో అన్న మాట: "వానలు వెళ్ళేదాకా ఉంటే గొప్ప."

రాశాను. ఇంకేముంది.

ఆగస్టు 11, ఆదివారం

వాచీని బల్ల మీద పడుకోబెట్టాను.

ఆగస్టు 13

పుల్ల జరిపాను. కొంచెం ఎక్కువైంది, వెనక్కి లాగాను. పడుకోబెట్టే ఉంచాను. పక్కన నేను కూడా తల వాల్చి, చెంప బల్లకి ఆనించి విన్నాను. చప్పుడు మారుతుంది పడుకున్నప్పుడు. మెత్తబడుతుంది. ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఏ వాచీ దగ్గరా నాకిలా దుఃఖం రాలేదు.

ఆగస్టు 14

పొద్దున్న షాపుకి వెళ్ళే ముందు కట్టాను. "ఏం చేశావు?" అన్నారు. నూనె మార్చానన్నాను.

ఆగస్టు 17, శనివారం

తలుపు తీసేసరికి ఆయన ఒక చేతిలో ఫోను, రెండో చేతికి వాచీ, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు. వదిన కుర్చీలో కునుకుతోంది.

"సరిగ్గా ఉంది" అన్నారు.

"అవును."

"మూడు రోజులైంది. ముల్లు ముందుకి పోలేదు."

"ఊఁ."

చెప్పులు విప్పుతున్నాను. ఒకటి విప్పాను. రెండోది విప్పకముందే అడిగారు.

"పడుకోబెట్టి సరిచేశావా?"

ఆయనకి కంఠతా వచ్చని చెప్పారుగా. నా పాఠమే. నేను నిలబడిపోయాను, ఒక కాలికి చెప్పుతో. ఈసారి మీటరుకి అడ్డం నిలబడడానికి ఒంట్లో శక్తి లేదు.

"ఆఁ" అన్నాను.

ఆయన వాచీని గుండెల మీద పెట్టుకుని పైకప్పుకేసి చూశారు. నేను వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. వదిన లేచింది, మా ఇద్దర్నీ చూసింది, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళట?"

చెప్పాను. అంతా చెప్పాను. డాక్టరు ఎలా చెప్పాడో, ఏ మాటలతో చెప్పాడో.

"జూన్ నుంచి తెలుసా నీకు?"

"తెలుసు."

కోప్పడతారనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. ఆయన చిన్నపిల్లాడిలా మొహం పెట్టి, "మరి షాపుకెందుకెళ్ళావే రోజూ?" అన్నారు.

మీకు అనుమానం రాకూడదని. అన్నీ ఎప్పటిలా ఉండాలని. ఆ మాటలు నోటిదాకా వచ్చి సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయాయి. నేను ఎవరెవరివో కళ్ళజోళ్ళు బిగిస్తుంటే ఆయన ఇక్కడ పడుకుని నేనొచ్చే టైము కోసం ముల్లు చూస్తూ గడిపారు. అన్ని పగళ్ళూ. అవన్నీ ఇద్దరివీ. నేనే తీసుకెళ్ళి ఊళ్ళో పారబోశాను.

"సెలవు పెట్టు" అన్నారు.

ఆగస్టు 18

సెలవు పెట్టాను.

ఆగస్టు 24

మంచం కిటికీ దగ్గరికి జరిపించాం, నా బల్ల పక్కకి. నేను పని చేస్తుంటే ఆయన చూస్తున్నారు. ఆ విడిభాగాల షాపాయన ఎవరితోనో ఒక వాచీ పంపించాడు, "తీరికున్నప్పుడు చూడమనండి, తొందరేం లేదు" అని. లోపలంతా చీమల గుడ్లు. ఆయన కంటికి భూతద్దం పెడితే, "అబ్బో, వీళ్ళు అద్దెకి దిగినట్టున్నారు. మీటరు విడిగా పెట్టించారా?" అన్నారు. వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. స్క్రూ పట్టుకోండని ఆయన అరచేతిలో పెట్టాను, దుప్పట్లో పడేశారు. ముగ్గురం దుప్పటి విదిలించి విదిలించి వెతికాం. దొరకలేదు. ఎంత నవ్వామో.

ఆ నవ్వులోనే తట్టింది, జూన్, జులై రెండు నెలలూ ఇలా ఉండేవాళ్ళం కదా అని.

ఆగస్టు 27

బూట్ల సంగతి ఆయనే ఎత్తారు. "మంచం కింద కొత్త తోలు వాసనొస్తోంది, ఏమిటే?" చూపించాను. అట్టలు వేలితో నొక్కి చూశారు. "మంచి పని. ఎవరైనా మెట్లెక్కే మనిషికి ఇచ్చెయ్యి. తొడక్కుండా ఉంచితే తోలు పగులుతుంది." ఆఫీసులో కొత్తగా చేరిన మీటరు రీడరు చూడ్డానికి వస్తే ఇచ్చేశాను. అతని కాలికి సరిపోయాయి.

సెప్టెంబరు 1, ఆదివారం

చెప్పాలనుకున్నవి చెప్తున్నారు. కొన్ని ఇక్కడ రాయను, అవి నావి. మళ్ళీ ఆస్పత్రికి తీసుకెళ్ళొద్దన్నారు. మాటిచ్చాను. అక్కయ్యని ఒంటరిగా వదిలెయ్యొద్దన్నారు. "ఆవిడే నన్ను వదలదు" అన్నాను. వంటింట్లోంచి "వింటున్నా" అని వదిన అరిచింది.

సెప్టెంబరు 5

కీ ఇవ్వడానికి వేళ్ళలో బలం లేదు. గుండీ మీద ఆయన వేళ్ళు, వాటి మీద నా వేళ్ళు. ఇద్దరం కలిసి తిప్పాం.

సెప్టెంబరు 8

మాట్లాడలేదు. చెయ్యి పట్టుకున్నారు.

సెప్టెంబరు 10

చెయ్యి పట్టుకున్నారు.

సెప్టెంబరు 12, గురువారం

ఆయన పోయారు. పొద్దున్న, ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతుండగా. నేను పక్కనే ఉన్నాను. టీ పెట్టుకోవడానికి కూడా లేవలేదు, మంచిదయింది.

ఆయన్ని తీసుకెళ్ళే ముందు వదిన వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. "ఇంకా ఆడుతోందే" అంది. పొద్దుటినుంచీ ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి, ఆ మాట అనేసి నేల మీద పడి ఏడ్చింది.

సెప్టెంబరు 23, సోమవారం

షాపుకి వెళ్ళాను. వాచీ కట్టుకుని వెళ్ళాను. నా చేతికి పెద్దది, మోచేతి వైపు జారుతోంది. బెల్టుకి చిల్లులు ఇక మిగల్లేదు.

సెప్టెంబరు 27

ఓనరు పిలిచి మెత్తగానే చెప్పాడు. "అమ్మా, మీ కష్టం తెలుసు. కానీ రోజూ ఆలస్యమవుతోంది." వాచీ చూసుకునే బయల్దేరుతున్నానండీ అన్నాను. నడిచే చేతి మీద అది వెనకబడుతోంది. రోజుకి కాస్త. ముల్లు నేనూ తిప్పడం లేదు. ఆయన వాచీ ముల్లు తిప్పడానికి నేనెవరిని?

సెప్టెంబరు 28

చీమల గుడ్ల వాచీ తిరిగివ్వడానికి విడిభాగాల షాపుకి వెళ్ళాను. షాపాయన నా మొహం చూశాడు, నా చేతికున్న వాచీ చూశాడు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు.

"ఇటివ్వండమ్మా. నిమిషం పని. నిలబెట్టి సరిచేసిస్తాను."

"వద్దండీ."

"ఇప్పుడది మీ చేతికి కదా ఉంది."

"వద్దండీ" అన్నాను మళ్ళీ. ఉన్నదానికి లేదనే ఆ మనిషి, ఈసారి లాక్కోవలసిన అవసరం లేకుండా, వాచీ కోసం చాపిన చెయ్యి తనే మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అక్టోబరు 4

వదినకి కోపమొచ్చింది. ఇవాళ నేను వెళ్ళేసరికి షాపు తెరిచి గంట దాటింది, వాళ్ళు ఇంటికి ఫోను చేశారట.

"ఆ పుల్లేదో జరుపుకోవే! నువ్వు నడిచే మనిషివి. రేపు బతకాలి, తిరగాలి. వాడుంటే తిట్టడూ?"

"తిడతారు."

"మరి?"

ఆయన పడుకున్న తీరు ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు వదినా. పక్క ఎత్తేశాం, మంచం మళ్ళీ గోడకి జరిపేశాం, దుప్పట్లు ఉతికేశాం. ఈ వాచీ ఒక్కదాన్లోనే ఉంది, ఆ పుల్ల ఉన్న చోట. నేనే పెట్టాను అక్కడ. మళ్ళీ నా చేత్తో నేనే దాన్ని తీసెయ్యాలా?

ఇదంతా వదినతో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. వదినతో, "చూస్తాను" అన్నాను.

అక్టోబరు 5

వానలు వెళ్ళిపోయాయి.

అక్టోబరు 6, ఆదివారం

ఆయన మంచం మీద, వాచీ చేతికి ఉంచుకునే పడుకున్నాను. పొద్దున్న వదిన తలుపు కొట్టింది. మధ్యాహ్నం మళ్ళీ కొట్టింది. రోజంతా లేవలేదు.

వాచీ సరిగ్గా నడిచింది.